వద్దన్నా వెళ్ళిన ఫారం

జనవరి 6, 2003. సోమవారం

ఈరోజు కంప్యూటర్ నాకు పన్నెండు చూపించాల్సిన చోట 'అన్‌డిఫైన్డ్' అని చూపించింది.

ఐదూ ఏడూ కూడమని ఒక ఫంక్షన్, అంటే కంప్యూటర్‌కు అప్పగించే ఒక పని, రాశాను. సెమికోలన్లు సరిగ్గా ఉన్నాయి, బ్రాకెట్లు సరిగ్గా ఉన్నాయి. మూడుసార్లు చూసుకుని అనంతకుమార్ సార్‌ను పిలిచాను.

"కూడింది కదమ్మా నేత్రా" అన్నారు సార్.

"మరి యాడ సార్?"

"లోపలే ఉంది. నీకు చెప్పలేదు. చెప్పమని నువ్వు యాడ రాసినావు?"

చివర రిటర్న్ అని ఒక వరుస చేర్చారు. పన్నెండు వచ్చింది.

హోసూరు కంప్యూటర్ సెంటర్ నుంచి బస్సులో తళి దాకా అదే ఆలోచన. నేను రిటర్న్ రాయకముందు కూడా అది కూడిందట. కూడి, ఫంక్షన్ అయిపోగానే దాన్ని వదిలేసిందట. చేసిన పని అంతా చేసి, ఫలితం చెప్పకపోతే, ఆ పని జరిగినట్టా జరగనట్టా?

అన్‌డిఫైన్డ్‌కు తెలుగులో ఏమనాలి? నిర్వచనం లేనిది. అంటే అనిర్వచనీయం. పదో తరగతి తెలుగు వాచకంలో అనిర్వచనీయమైన ఆనందం అని ఉండేది. నా పన్నెండు అనిర్వచనీయం అయింది. దీన్ని నోటు పుస్తకంలోని పదాల పేజీలో రాసుకోవాలి.

జనవరి 7

రాసుకున్నాను. ఇంకా అర్థం కాలేదు.

జనవరి 10, శుక్రవారం

ఇంకో గందరగోళం. రిటర్న్ తర్వాత వరుసలో 'పని అయిపోయింది' అని బాక్సు రావాలని అలర్ట్ పెట్టాను. బాక్సు రాలేదు. తప్పు ఉందని కూడా చెప్పదు. ఆ వరుస అక్కడ లేనట్టే నడిచింది.

పక్క కంప్యూటర్ రంజిత తొంగి చూసి నవ్వింది. ఆమెది మత్తూరు. హాస్టల్లో ఉంటుంది. నాకంటే త్వరగా అర్థం చేసుకుంటుంది, కానీ నోట్సు రాయదు.

"రిటర్న్ అంటే బస్సు దిగిపోయినట్టే, నేత్రా. దిగినాక కండక్టరు నీకు టికెట్ ఇస్తాడా?"

"టికెట్ దిగకముందే తీసుకోవాలంటావు."

"నువ్వు దిగి, రోడ్డు మీద నిలబడి చెయ్యి చాపినావు. బస్సు తళికి పోయేసింది."

అలర్ట్‌ను రిటర్న్‌కు ముందు పెట్టాను. వచ్చింది. అంటే రిటర్న్ చెప్పడం ఒక్కటే కాదు, ఆపడం కూడా. చెప్పిన చోటే ఫంక్షన్ ముగుస్తుంది. కింద ఎంత మంచి మాట రాసిపెట్టినా ఎవరూ చదవరు. ఎంత బాధ.

జనవరి 18, శనివారం

పండగ సెలవులయ్యాక మొదటి మంచి వార్త. సార్ మాకు చేయడానికి నిజమైన వెబ్ పేజీలు ఇస్తున్నారు. రంజితకు ఒక డెంటిస్టు పేజీ. నాకు నాయన పని చేసే గ్రీన్‌హౌస్. గులాబీలు కావాలన్న వాళ్ళు ఇంటర్‌నెట్‌లోనే పేరు, అడ్రసు, ఫోను, ఎన్ని కట్టలు అన్నది నింపి పంపాలి. అది ఆఫీసు ఈమెయిల్‌కు వెళ్తుంది.

"ఎవురి పేజీ ముందుగా నెట్‌లోకి పోతే వాళ్ళకు క్రిష్ణగిరి బ్రాంచిలో ల్యాబ్ టీచర్ పని" అన్నారు సార్.

ఇంటికి వచ్చి చెబితే నాయన గోడకు ఆనుకుని కూర్చుని బూట్లు విప్పుతూ విన్నాడు. నాయన పేరు పాపన్న. అక్కడ కోత మేస్త్రి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఆయన మాట మీద కత్తెర ఆడిస్తారు. ముత్తప్ప తాత గొర్రెలు కాచాడు, నాయన కూడా ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా కాచాడు. మేస్త్రి అయింది పోయిన ఏడాదే. నీలం చొక్కా ఇచ్చారు. దాన్ని అమ్మను ఉతకనివ్వడు, తనే ఉతుక్కుంటాడు.

"టీచరంటే కుర్చీలో కూచోవచ్చా?" అన్నాడు.

"తిరుగుతా ఉండాల నాయనా."

"అయితే మేస్త్రే" అన్నాడు.

జనవరి 22

ఫారంలో ఖాళీలు ఉన్నాయేమో చూసే చెక్ ఫంక్షన్ పూర్తయింది. అడ్రసు ఖాళీగా ఉంటే బాక్సు వస్తుంది, తర్వాత రిటర్న్ ఫాల్స్. ఫోను ఖాళీగా ఉంటే బాక్సు, రిటర్న్ ఫాల్స్. ఫాల్స్ అంటే పంపొద్దు అని. అన్నీ ఉంటే రిటర్న్ ట్రూ. ఫారం పంపే చోట చెక్‌ను పిలిచాను.

సార్ ముందు అడ్రసు లేకుండా నొక్కాను. బాక్సు వచ్చింది. ఓకే నొక్కితే పేజీ మొత్తం ఖాళీ అయింది. మళ్ళీ మొదటి నుంచి నింపమని కాబోలు. అది కూడా మంచిదే, తప్పు రాసినవాళ్ళు అన్నీ శ్రద్ధగా మళ్ళీ రాస్తారు. మా ల్యాబ్‌లో నెట్ లేదు కనుక ఎక్కడికీ పోదు.

"బాక్సు వస్తా ఉంది కదా, చాలు" అన్నారు సార్. ఆయన చేతిలో ఇంకా ఐదుగురి పేజీలు ఉన్నాయి.

రంజిత పేజీకి ఇంకా బొమ్మలు కూడా రాలేదు.

జనవరి 24, శుక్రవారం

పొద్దున మంచులో బస్సు కోసం నిలబడి ఉంటే నాయన పనికి పోతూ ఆగాడు. పేజీ ఎప్పుడు తెరవాలో నువ్వే చెప్పు అని మేనేజరు పురుషోత్తం సార్ నాయననే అడిగారట.

"ఇప్పుడే వద్దని మీ సార్‌కు చెప్పమ్మా. ఫిబ్రవరి పద్నాలుగుకు పూలు పోవాల. ఈ మూడు వారాలు కోతంటే కోత. ఫోనులో గొంతు విని ఆఫీసోళ్ళు చీటీ రాస్తే నేను కోస్తాను. నెట్టులో ఎవురు రాసినారో, ఏమి రాసినారో, మళ్ళీ పిలిచి అడిగేదానికి ఎవురికీ పొద్దుండదు. సీజను అయినాక తెరవండి."

"చెప్తాను నాయనా."

"సాయంత్రం ఏమన్నాడో నాకు చెప్పు."

సార్‌కు చెప్పాలి.

జనవరి 25

నిన్న సార్‌కు తీరిక లేదు. ఈరోజు క్రిష్ణగిరి నుంచి ఎవరో వచ్చారు, వాళ్ళతో ఉన్నారు. నడుమ వెళ్ళి చెప్పడం మర్యాద కాదు.

రంజిత పేజీకి బొమ్మలు వచ్చేశాయి. పళ్ళ బొమ్మలు.

సాయంత్రం నాయన అడిగాడు. "మీ సార్ ఏమన్నాడు?"

సరే అన్నారు అన్నాను. చెబితే సరే అనేవారే కదా. సోమవారం పొద్దున్నే చెప్పేస్తాను. సోమవారం చెబితే నేను శనివారం అన్నది కూడా నిజమే అవుతుంది.

జనవరి 27, సోమవారం

సార్ పేజీ నెట్‌లోకి ఎక్కించేశారు. నేను వెళ్ళేసరికే అయిపోయింది. నేను ఆలస్యం చేయలేదు, బస్సు ఆలస్యం.

బ్రౌజింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళి చూపించారు. నా పేజీ. పైన ఎర్ర గులాబీ. ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చూడవచ్చట.

జనవరి 28

చెప్పలేదు.

జనవరి 29

సరిగ్గా ఆలోచిస్తే, పేజీ ఉందన్న సంగతి ఎవరికి తెలుసు? ఎవరూ నింపరు. పద్నాలుగు దాటితే ఎలాగూ తెరవాల్సిందే. దీనికోసం అందరినీ కలవరపెట్టడం ఎందుకు. చెక్ ఉంది కదా. తప్పు ఆర్డరు వస్తే ఆపుతుంది. నాయన భయం చెక్‌కు తెలియని భయం కాదు.

ఈ చివరి వాక్యం బాగుంది. ఏమిటో అర్థం కాలేదు కానీ బాగుంది.

ఫిబ్రవరి 1, శనివారం

సార్‌తో క్రిష్ణగిరి వెళ్ళాం, నేనూ రంజితా. బ్రాంచి మేడ మీద ఉంది. కిటికీలోంచి కోట కొండ కనిపిస్తుంది. ఎనిమిది కంప్యూటర్లు, అన్నింటికీ గుడ్డ తొడుగులు. పదిహేనో తేదీ నుంచి నేనే తొడుగులు తీయాలి, నేనే వేయాలి.

"నేత్ర మేడమ్, నాకు అన్‌డిఫైన్డ్ వస్తా ఉంది" అంది రంజిత, పిల్లలాగా చెయ్యెత్తి.

"చెప్పమని నువ్వు యాడ రాసినావమ్మా?" అన్నాను.

సార్ కూడా నవ్వారు. వచ్చే దారంతా నవ్వుతూనే ఉన్నాం. హోసూరు దగ్గర పడేకొద్దీ నాకు ఎందుకో నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 5

నాయన చేతులకు ముళ్ళు. అమ్మ దీపం దగ్గర పెట్టి సూదితో తీస్తోంది. రోజుకు నాలుగు చీటీలు, ఐదు చీటీలు. నాయనకు ఇంగ్లీషు రాదు కనుక ఆఫీసువాళ్ళు చీటీ మీద రంగూ కట్టల సంఖ్యా మాత్రమే రాసి ఇస్తారు. ఎరుపు, నలభై. ఎరుపు, డెబ్బై.

"అన్నీ ఫోను చీటీలేనా నాయనా?"

"మరి? నెట్టు వద్దన్నాము కదా."

అమ్మ సూది గుచ్చినప్పుడు నాయన కదలలేదు. నేను కదిలాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నాయన ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. అన్నం వద్దన్నాడు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

నిన్న పొద్దున మూడు చీటీలు వరుసగా వచ్చాయట. ఎరుపు అరవై, ఎరుపు అరవై, ఎరుపు అరవై. నూట ఎనభై కట్టలు కోయించాడు. ఈరోజు పెట్టెల్లో సర్దేటప్పుడు ఆఫీసులో కాగితాలు తీసి చూస్తే మూడింటికీ ఒకటే పేరు. ఒకదానిలో అడ్రసు లేదు. ఒకదానిలో ఫోను లేదు. మూడోదానిలో అన్నీ ఉన్నాయి. ఆ మనిషికి కావలసింది అరవై కట్టలే.

నూట ఇరవై కట్టల పూలు మిగిలిపోయాయి. కోసిన పూవు కొమ్మకు అతకదు.

"ఒకే లెక్క మూడుసార్లు వస్తే అడగాల కదా, నువ్వు మేస్త్రివి కాదా" అన్నారట పురుషోత్తం సార్, పద్దెనిమిది మంది ముందు.

"నువ్వేమన్నావు?" అంది అమ్మ.

"తప్పు నాదే అన్నాను. అడగాల్సింది."

బాక్సు వచ్చి ఉంటుంది. కచ్చితంగా వచ్చి ఉంటుంది. వచ్చింది అంటే ఆగింది అని కదా. మరి ఎలా వెళ్ళింది?

ఫిబ్రవరి 8, శనివారం

నాయన మేస్త్రి కాదు. ఆయన స్థానంలో ఈశ్వరప్పను పెట్టారు. నాయనకు గేటు దగ్గర బక్కెట్లు కడిగే పని. నీలం చొక్కా వాళ్ళు వెనక్కి తీసుకోలేదు, కానీ నాయన ఈరోజు వేసుకోలేదు. మడిచి పెట్టెలో పెట్టాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చెక్‌ను నోటు పుస్తకంలో పదిసార్లు రాశాను. అడ్రసు ఖాళీ అయితే రిటర్న్ ఫాల్స్. ఉంది. ఫోను ఖాళీ అయితే రిటర్న్ ఫాల్స్. ఉంది. ఫంక్షన్ వద్దనే అంటోంది. రిటర్న్ ఆపుతుందని రంజిత చెప్పింది, నేను కళ్ళారా చూశాను. ఆగిందే, మరి ఆగలేదే.

ముత్తప్ప తాత దొడ్డి దగ్గర గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు. నాయన సంగతి మనసులో ఉండి కాబోలు.

తాత వయసులో ఉన్నప్పుడు ఎండాకాలం మందను మత్తూరు వైపు తోలుకుపోయేవాళ్ళు. రైతు ఒప్పుకుంటే ఎరువు కోసం రాత్రి మందను చేనులో ఉంచేవాళ్ళు. ముందు రోజు ఒక మనిషి పోయి అడిగి రావాలి. ఆ ఏడాది తాత తమ్ముడు చౌడప్ప పోయాడు.

"వద్దప్పా, పురుగుమందు కొట్టినాము, నాలుగు దినాలు ఆగండి అన్నాడు రైతు. చౌడప్ప విన్నాడు. సరేనన్నాడు. వచ్చే దారిలో అత్తగారి ఊరు తగిలింది. కోడిని కోసినారు. తిన్నాడు, పండుకున్నాడు. మేము మసక చీకట్లో మందను తోలేసినాము. పదకొండు పోయినాయి."

"ఆయనకు తెలుసు కదా తాతా, వద్దన్నారని."

"తెలిస్తే ఏమి? చెప్పాల్సినోడు చెప్పినాడు, వినాల్సినోడు విన్నాడు. గొర్రెలకు ఎవురు చెప్పినారు?" గొర్రెపిల్ల మూతి తుడిచాడు. "ఆ పొద్దునించీ మనోళ్ళలో ఒక కట్టు. అడిగేదానికి పోయినోడు పంపినోని కాడికే నేరుగా రావాల. జవాబు చెప్పేదాకా ఇంట్లో కూచోకూడదు, నీళ్ళు తాగకూడదు."

తాత చెంబు నా వైపు జరిపాడు. నేను తాగలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

సార్‌కు మూడు కాగితాల సంగతి చెప్పాను. అంతవరకే చెప్పాను.

సార్ బ్రౌజింగ్ సెంటర్‌లో నా పేజీ తెరిచి అడ్రసు లేకుండా నొక్కారు. బాక్సు వచ్చింది. ఓకే. పేజీ ఖాళీ. వెంటనే, తానే పెట్టిచ్చిన ఆఫీసు ఈమెయిల్ తెరిచారు. అడ్రసు లేని ఆ ఆర్డరు అక్కడికి చేరి ఉంది.

ఆ మనిషి కూడా అదే చూసి ఉంటాడు. బాక్సు వచ్చింది, పేజీ ఖాళీ అయింది, పోలేదు కాబోలనుకుని మళ్ళీ నింపాడు. మళ్ళీ బాక్సు. మళ్ళీ నింపాడు. పేజీ ఖాళీ అయినప్పుడల్లా ఒక ఆర్డరు వెళ్ళిపోయింది. ల్యాబ్‌లో నేను చూసి మంచిదే అనుకున్నది అదే.

సార్ కోడ్ తెరిచి ఒక్కో వరుసా చదివారు. తర్వాత ఫారం పంపే చోట వేలు పెట్టారు. అక్కడ నేను చెక్ అని మాత్రమే రాశాను. రిటర్న్ చెక్ అని రాయాలట.

"లోపల ఉంది కదా సార్, రిటర్న్ ఫాల్స్."

"అది చెక్ తనను పిలిచిన చోటికి చెప్పే జవాబు. పిలిచిన ఈ వరుస ఆ ఫాల్స్‌ను తీసుకుంది, ఈడనే పడేసింది. ఫారంకు అందియ్యాల్సింది ఈ వరుస. ఈడ ఇంకో రిటర్న్ ఉంటేనే పైకి పోతుంది."

"చెక్ ఆగింది కదా సార్."

"చెక్ ఆగింది. ఆగేది అదొక్కటే. ఫారం ఎందుకాగుతుంది? దానికి ఎవురూ వద్దనలేదు."

ఒక్క మాట చేర్చి మళ్ళీ నొక్కారు. బాక్సు వచ్చింది. పేజీ ఖాళీ కాలేదు, రాసినవన్నీ అలాగే నిలబడ్డాయి. ఈమెయిల్‌కు ఏమీ రాలేదు.

"నేను కూడా చూసుకోలేదు. బాక్సు చూసి చాలనుకున్నాను. మేనేజరుకు ఫోను చేసి చెప్తాలే, తప్పు పేజీదని."

తప్పు పేజీది. ఆ మాట ఎంత చల్లగా ఉందో. పేజీ తప్పయితే నాయన మేస్త్రి అవుతాడు, నేను చిన్న పొరపాటు చేసిన విద్యార్థిని అవుతాను, అందరూ బాగుంటారు. కానీ పేజీ ఎలా ఉన్నా, అది తెరిచే ఉండకూడదు. ఒక మనిషి వద్దన్నాడు. ఆ మాట ఒకరి చేతికి ఇచ్చాడు.

ఫిబ్రవరి 11

సార్ ఫోను చేశారట. పురుషోత్తం సార్ "పేజీ తప్పే కావచ్చు, మరి పేజీ తెరవమని చెప్పింది పాపన్నే కదా" అన్నారట. ఎప్పుడు తెరవాలన్నది నాయన ఇష్టానికి వదిలేశారు కదా. పేజీ తెరుచుకుంది కాబట్టి నాయన తెరవమన్నట్టే.

సాయంత్రం ఇది నాయనకూ తెలిసింది. నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. నేను ఎదురుగానే ఉన్నాను, అడగవచ్చు. అడగలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

పొద్దున మొదట సార్ దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. జనవరి ఇరవై నాలుగున మా నాయన మీకు ఒక మాట చెప్పి పంపించారు, సీజను అయ్యేదాకా పేజీ తెరవొద్దని, అది నేను మీకు చెప్పలేదు, మీరు సరే అన్నారని ఆయనకు అబద్ధం చెప్పాను.

సార్ కళ్ళజోడు తీశారు. "క్రిష్ణగిరి కోసమా?"

"అవును సార్."

"చెప్పి ఉంటే ఆగేవాణ్ణి కదమ్మా." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "క్రిష్ణగిరికి రంజితను పంపిస్తాను" అన్నారు.

రంజిత బయటే ఉంది, విన్నది. నా వైపు చూడకుండా నా బ్యాగు అందించింది. "నీ నోట్సు నాకు కావాల. ఇస్తావా?" అంది. ఇస్తానన్నాను.

బస్సు మా ఊరికి రెండు స్టాపుల ముందే గ్రీన్‌హౌస్ దగ్గర ఆగుతుంది. అక్కడే దిగాను. గేటు పక్కన కుళాయి దగ్గర నాయన గొంతుక్కూర్చుని బక్కెట్లు తోముతున్నాడు. పాత తెల్ల చొక్కా. దాహంగా ఉంది. కుళాయి కారుతూనే ఉంది.

"ఏమ్మా, ఈడ దిగినావు?"

"నాయనా, ఆ పొద్దు నువ్వు పంపిన మాట నేను సార్‌కు చెప్పలేదు. సరే అన్నాడని నీకు సుమ్నే అబద్ధం చెప్పినాను."

నాయన బక్కెట్టు తిప్పి లోపల చూశాడు. మళ్ళీ తోమాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటినించి?"

"నిన్నటినించి. మీ సార్ ఫోను చేసినాడు కదా. వద్దన్నాక ఆ మనిషి తెరిచేవాడు కాదు."

"మరి నన్ను ఎందుకు అడగలేదు?"

"నువ్వు వచ్చి చెప్తావని చూస్తా ఉన్నాను." బక్కెట్టు బోర్లించాడు. "పురుషోత్తం సార్ లోపల ఉన్నాడు. నేను పోదునా, నువ్వు పోతావా?"

లోపలికి నేనే వెళ్ళాను. చల్లగదికి ఎదురుగా ఆఫీసు. గాజు తలుపు అవతల నూట ఇరవై కట్టలూ నిలబడి ఉన్నాయి, పూరేకుల అంచులు నల్లబడుతూ. నేను చెప్పిందంతా పురుషోత్తం సార్ విన్నారు. నడుమ ఒకసారి ఫోను మోగింది, ఎత్తలేదు. అయ్యాక అడిగారు, పాపన్న ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు అని. నాకు తెలియదు అన్నాను. తెలుసు, కానీ దాన్ని చెప్పే మాట నా పదాల పేజీలో లేదు.

"సరే. మీ నాయనకు ఒక మాట చెప్పు" అన్నారు.

మెట్లు దిగాను. ఈశ్వరప్ప ఎదురుగా వచ్చి "ఏమ్మా, బాగున్నావా" అన్నాడు. నేను ఆగలేదు. నాయన లేచి నిలబడ్డాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమన్నాడు?"

మంచిది ముందు చెప్పి అక్కడే ఆపేయాలనిపించింది. ఆపితే మిగిలింది నాలోనే ఉండిపోతుంది.

"సీజను అయ్యేదాకా ఈశ్వరప్పే మేస్త్రి అన్నాడు. ఆ తర్వాత చూస్తాము, మాట ఇవ్వను అన్నాడు. నువ్వు రేపటినించి బక్కెట్ల కాడ వద్దు, కోతలోకి రా అన్నాడు. మూడు చీటీలు వచ్చినప్పుడు నువ్వు అడగాల్సిందే, అది మాత్రం నీ తప్పే అన్నాడు. ఇంతే. ఇంకేమీ అనలేదు."

నాయన తలూపాడు. కుళాయి కింద చెంబు పెట్టి నింపి నాకు ఇచ్చాడు.

తాగాను.